పాత కార్డు మీద ధారూర్ వంపు

పోయిన గురువారం మా మేనల్లుడు తాండూరు నుంచి పొద్దుటి ప్యాసింజరుకు వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే చేతిసంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి నా బల్ల మీద పెట్టాడు. పెట్టె మీద నిప్పులు కక్కుతున్న ఏదో మృగం బొమ్మ ఉంది. లోపల ఉన్నది గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్ తెర మీద బొమ్మను గీసి చూపించే పలక. దానికీ ఆ మృగానికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

"మామా, నీ డబ్బల ఉన్న పాత కార్డు ఇగ పీకి పారేద్దాం. చేసిన కంపెనోళ్ళే దాన్ని పట్టించుకునుడు బంద్ జేసిండ్రు. గిది కొత్తది, నీ కోసమే పక్కకు పెట్టిన" అన్నాడు.

నేను పెట్టె విప్పలేదు. టీ తాగి, పెట్టె తీసుకొని పొమ్మన్నాను. వాడికి కోపం రాలేదు, ఎప్పుడూ రాదు. మా ఇంటావిడ వైపు తిరిగి, "చూసినవా అత్తా, ముసలెద్దును ముసలి రైతు ఇడువడు" అన్నాడు. ఆవిడ టీ గ్లాసు వాడి చేతికిస్తూ, "ఎద్దు సంగతేమో గాని, ఆ రైతును మేపేది నేనే గదరా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో వాళ్ళకు చెప్పి లాభం లేదు గాని, నా ఈడువాళ్ళకు, ఏదో ఒక పనిలో జుట్టు నెరిసి ఇప్పుడు ఇంట్లో అందరి సలహాలూ వింటున్నవాళ్ళకు చెబితే అర్థమవుతుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

మాది తాండూరులో కందిపప్పు వ్యాపారం చేసే కుటుంబం. అన్నదమ్ముల్లో నేనొక్కణ్ణే తక్కెడ వదిలి ఇంజను ఎక్కాను. ఫైర్‌మన్‌గా చేరి బొయిలరుకు బొగ్గు వేసిన మొదటి నెలలో, ఒంటినిండా మసితో ఇంటికి వస్తే మా అమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టి నీళ్ళు పోసేది. పక్కింటివాళ్ళు చూస్తారని నాన్నకు నామోషీ. దుకాణంలో కూర్చొని తెల్లబట్ట నలగకుండా బతకవలసినవాడు ఈ పనికి ఎందుకు పోయాడని ఆయన చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. అప్పుడు మొదలుపెట్టిన అలవాటే డైరీ. ఆ రోజు ఏ ఇంజను, ఎంత లోడు, వానా ఎండా, దారిలో కొత్తగా ఏం కనబడింది అన్నంతవరకే రాసేవాణ్ని. మనసులో మాటలు రాసుకొనే అలవాటు నాకు లేదు. దారి సంగతులు రాస్తే చాలు, మనసు సంగతి వాటి వెనకే వస్తుందని నా అనుభవం.

నాకు పని నేర్పింది మా ఉస్తాద్. మా ఇలాకాలో డ్రైవరును ఫైర్‌మన్ అట్లాగే పిలిచేవాడు. ఆయనదీ మా ఊరే. తాండూరు నుంచి వికారాబాద్‌కు దారి ఎగువ అన్న సంగతి బస్సులో కూర్చొని పోయేవాళ్ళకు తెలియదు, బండి కిటికీ పక్కన కునుకు తీసేవాళ్ళకు అంతకన్నా తెలియదు. తాండూరు బండలు నింపిన గూడ్సును వెనక తగిలించుకొని కొండల వైపు ఎక్కించేవాడికి మాత్రం ఒంట్లో ప్రతి కండకూ తెలుస్తుంది. ఆ ఎక్కుడులో బండి ఒకసారి ఆగిందంటే మళ్ళీ కదిలించబోతే చక్రాలు జారేవి, పట్టాల మీద ఇసుక వేసి దేవుణ్ణి తలుచుకోవలసి వచ్చేది.

ఆ దారిలో ధారూర్ స్టేషన్‌కు ముందు ఒక వంపు ఉంది. బొగ్గు ఇంజనులో డ్రైవరు ఒకవైపు, ఫైర్‌మన్ ఒకవైపు నిలబడతారు. మధ్యలో ఇంతెత్తు బొయిలరు. ఆ వంపు తిరిగేటప్పుడు సిగ్నల్ ఫైర్‌మన్ వైపే కనబడుతుంది, డ్రైవరుకు బొయిలరు తప్ప మరేదీ కనబడదు. మామూలుగా సిగ్నల్ కనబడగానే ఫైర్‌మన్ పైకి చెప్పాలి, డ్రైవరు తానూ చూసి అదే మాట తిరిగి అనాలి, ఇద్దరి మాటా కలిస్తేనే బండి ముందుకు. అదీ మా పద్ధతి. ఆ వంపులో మాత్రం ఆయన నా నోటిని నమ్మాలి. ఆయన కళ్ళు అక్కడ నావి.

ఒక చలికాలం పొద్దున్న అనంతగిరి వైపు నుంచి పొగమంచు దిగి పొలాలన్నీ దూది పరిచినట్టయిపోయాయి. వంపులో నేను నడుందాకా బయటికి వంగి చూశాను. తెలుపు తప్ప ఏమీ లేదు. రోజూ ఆ వేళకు మా బండికి ఆ సిగ్నల్ చెయ్యి వాలి, దారి ఇచ్చే ఉంటుంది. అది ఉస్తాద్‌కూ తెలుసు, నాకూ తెలుసు, వెనక పెట్టెలో ఉన్న గార్డుకూ తెలుసు.

"కనబడ్డదా?" అన్నాడు ఉస్తాద్.

"ఇంకా లేదు ఉస్తాద్."

ఆయన వెంటనే ఆవిరి తగ్గించాడు. కష్టపడి తెచ్చుకున్న వేగమంతా పోయింది. పాకుతున్నట్టు పోయి పోయి, దాదాపు స్తంభం కిందికి వచ్చాక నాకు సిగ్నల్ కనబడింది. చెయ్యి వాలే ఉంది. బండి వికారాబాద్ చేరేసరికి బాగా ఆలస్యమై, గార్డు దిగి వచ్చి నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఉస్తాద్ మాత్రం తన టీలో సగం నా గ్లాసులో వంచి, "రోజు ఉండే సిగ్నలే గదా అని చెప్పెటోళ్ళు మస్తుమంది ఉంటరురా. కనబడుత లేదని చెప్పెటోడు ఒక్కడుంటె సాలు నాకు" అన్నాడు. తరవాత డీజిల్ వచ్చింది, కరెంటు తీగలు వచ్చాయి, నేనూ డ్రైవర్నయ్యాను, నా పక్కన ఎందరో అసిస్టెంట్లు కూర్చున్నారు. అందరికీ నేను చెప్పింది ఆ ఒక్క మాటే. చూడని సిగ్నల్ చెప్పకూడదు.

రిటైరయ్యాక మా బిడ్డ తన పాత కంప్యూటర్ నాకు ఇచ్చి, అందులో రైలు నడిపే ఆట ఒకటి పెట్టింది. నేను వంటింట్లోకి వచ్చి కూర ఎట్లా తరగాలో చెప్పడం మానేస్తానని తల్లీ కూతుళ్ళు కలిసి చేసిన ఏర్పాటని నాకు తెలుసు. ఆటంటే ఏదో అనుకున్నాను గాని, అందులో వేగం పెంచే పిడి, బ్రేకు, బ్రేకులో గాలి ఎంతుందో చూపే ముల్లు, అన్నీ ఉన్నాయి. వెనక లోడు బరువుకు ఇంజను ఎట్లా మూలుగుతుందో అట్లాగే మూలుగుతుంది. కొన్నాళ్ళకు ఎవరో రైలు పిచ్చివాళ్ళు, ఎక్కడుంటారో ఏమో, మా తాండూరు–వికారాబాద్ దారిని కూడా గీసి ఊరికే పంచిపెడుతున్నారని తెలిసింది. తెచ్చుకొని చూశాను. పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి, కొండలున్నాయి. కాని దారి లేదు. తాండూరులో గూడ్సుకు లోడు నింపే సైడింగు పక్కన బండల పేర్పులు లేవు. రుక్మాపూర్ దగ్గర తూము లేదు. ధారూర్ వంపులో సిగ్నల్ తప్పుడు వైపు ఉంది.

ఆ ఆటలో మన ఇష్టం వచ్చినట్టు దిద్దుకొనే వీలుంది. నేను డైరీలు ముందేసుకొని కూర్చున్నాను. రెండు వానకాలాలు పట్టింది. రెక్క సిగ్నళ్ళు నిలబెట్టాను. ప్రతి తంతి స్తంభం, కిలోమీటరు రాయి, గేటు పక్క చింతచెట్టు, కోట్‌పల్లి వైపు నుంచి వచ్చి పట్టాల కింద దూరే కాలువ, ఏదీ వదలలేదు. తాండూరులో బండలను ఒక్కో పలకగా పేర్చి పెట్టాను, ఎందుకంటే అవి ఒక్కో పలకగానే ఉండేవి గనక. మా బిడ్డ వచ్చి చూసి, "బాపూ, గన్ని బండలు ఒక్కొక్కటి ఎవడు లెక్కపెడతడు?" అంది. ఎవడూ లెక్కపెట్టడు. కాని ఒకటి తక్కువైతే నాకు తెలుస్తుంది.

ఫలితం ఏమిటంటే, అంత సామాను మోసే శక్తి ఆ కంప్యూటర్‌కు లేకపోయింది. బొమ్మ నత్తిగా నడిచేది. ఒక స్తంభం దగ్గర ఆగి, ఒక్క గెంతులో మూడో స్తంభం దగ్గర తేలేది. అప్పటికి నాకు అదొక చిరాకు మాత్రమే. అది పంతమైంది ఉస్తాద్‌ను చూసి వచ్చాక.

తాండూరులో ఆయన ఇంటికి పోయేసరికి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చొని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. నీటికాసులట. కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు రాదని, ఉన్నది కూడా కొంచెం కొంచెంగా పోతుందని డాక్టర్లు చెప్పారట. "నట్టనడుమ కనబడుతది, పక్కలపొంటి చీకటి. సొరంగంలకెల్లి చూసినట్టున్నదిరా" అన్నాడు. పాత ముచ్చట్లన్నీ అయ్యాక, నేను లేవబోతుంటే నా చెయ్యి పట్టుకొని, ఈ నడుమ చూపు పోకముందే ఒక్కసారి తాండూరులో లోడు పట్టుకొని వికారాబాద్ ఎక్కించాలని ఉందన్నాడు. అన్నాక తానే నవ్వి, "మనల ఇంజను దగ్గరికి గూడ రానియ్యరు. దూరం జరుగు తాతా అంటరు" అన్నాడు. నేను ఆ నవ్వులో కలవలేకపోయాను. నేను ఎక్కిస్తాను ఉస్తాద్ అని మాట ఇచ్చి బయటపడ్డాను.

మా మేనల్లుడి దుకాణం తాండూరు బజారులోనే. కంప్యూటర్లు అమ్ముతాడు, బాగుచేస్తాడు. మరుసటి వారం నా కంప్యూటర్ డబ్బాను బొంతలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని ప్యాసింజరులో తీసుకుపోయాను. ఎదురు సీటులో కర్ణాటక వైపు పోయే ముసలాయన పసిబిడ్డ అనుకొని గొంతు తగ్గించి మాట్లాడాడు. నేనూ దిద్దలేదు.

మేనల్లుడు నా మాటంతా విని రెండు కార్డులు గల్లా మీద పెట్టాడు. ఒకటి పాతది, ఎవరో కొన్నేళ్ళు వాడి అమ్మింది. ఇటుకంత బరువు, రెండు పంకాలు, కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది. రెండోది ఆ మధ్యే వచ్చిన చౌకరకం కొత్తది. చిన్నది, చల్లనిది, చప్పుడు చేయదు. ముందు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పాతదాన్ని నా వైపు జరిపాడు.

"నీకు గీ పాతది సాలు మామా. గీ వయసుల నీకు కొత్తదెందుకు? పోరగాళ్ళ లెక్క తుపాకులు కాలుస్తవా ఏమన్ననా?"

నా ఒళ్ళు మండింది. తుపాకులు కాల్చేవాడికి కావలసింది ఎక్కువ, గూడ్సు నడిపేవాడికి కావలసింది తక్కువ అని ఎవరు చెప్పారని అడిగాను. నా దారిలో ఎన్ని బండలున్నాయో, ఎన్ని స్తంభాలున్నాయో చెప్పాను. వాడు తల గోక్కొని, అంత సామాను ఉంటే కొత్తదే తీసుకో, కొత్తది కొత్తదే అన్నాడు. ఒక నిమిషం ఆగి మూడో దారి కూడా చూపించాడు. "లేకుంటే గా బండలు సగం తీసెయ్యి మామా. కార్డే అక్కర లేదు. ముసలాయనకు ఏం తెలుస్తది?"

నేను లేచి నిలబడ్డాను. వాడికి తన మాట తగిలిన చోటు అర్థమై, కుర్చీ తుడిచి మళ్ళీ కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అప్పుడు నేను వాడికి మా రైల్వే పద్ధతి ఒకటి చెప్పాను. కొత్త రకం ఇంజను షెడ్డుకు వచ్చినా, డ్రైవరు కొత్త దారికి మారినా, ముందు దాని మీద కొన్నాళ్ళు తిరిగి, లోడుతో ఎక్కుడు ఎక్కించి చూసి, ఇది నాకు తెలుసు అని సంతకం పెట్టాలి. ఒకరి బదులు ఇంకొకరు పెట్టే సంతకం కాదది. ఇంజను తయారుచేసినవాడు చెప్పినా, పై అధికారి చెప్పినా, ఆ సంతకం నడిపేవాడిదే. కనుక నాకు రెండూ కావాలి, లోడు కట్టి చూస్తాను, చూసి నేను చెబుతాను అన్నాను. వాడు బేరగాళ్ళ ఇంట పుట్టినవాడు, ఇంటికి తీసుకుపోయి చూసుకొనే గిరాకీ వాడికి కొత్త కాదు. కరెంటు ఇచ్చే డబ్బా మార్చి పెద్దది పెట్టి, కార్డు ఎట్లా గుచ్చాలో, ఎట్లా తీయాలో నా చేత చేయించి, రెండూ ఇచ్చి పంపాడు.

ఇంటికి వచ్చి ముందు కొత్తది గుచ్చాను. ఇంజను ఒక్కటే, వెనక లోడు లేదు, ఎండపొద్దు. అద్భుతంగా నడిచింది. ఒక్క స్తంభం ఎగరలేదు. నాకే ఆశ పుట్టింది, మేనల్లుడికి ఫోన్ చేద్దామని కూడా చెయ్యి పోయింది. కాని లోడు లేని ఇంజను ఎవడి కిందనైనా పరుగెత్తుతుంది. అందుకని మరునాడు తాండూరు సైడింగులో బండల గూడ్సు మొత్తం తగిలించి, వాన పెట్టి, ఉస్తాద్‌కు కనబడేటట్టు పెద్ద టీవీకి కలిపి బయలుదేరాను.

రుక్మాపూర్ దాటేదాకా బాగానే ఉంది. ధారూర్ వంపు మొదలయ్యాక బొమ్మ తడబడింది. వాన, చెట్లు, వెనక వంపు తిరుగుతున్న పెట్టెలు, అన్నీ ఒక్కసారి దాని మీద పడ్డాయి. సిగ్నల్ ఉండవలసిన చోట ముందు బూడిదరంగు మచ్చ, ఆ తరవాత ఒట్టి స్తంభం, స్తంభం నా పక్కకు వచ్చేవేళకు చెయ్యి. నేను చెప్పవలసిన చోట చెప్పలేకపోయాను. అది వాలి ఉందని నాకు తెలుసు, దాన్ని అక్కడ పెట్టింది నేనే. అయినా నోరు రాలేదు. మళ్ళీ నడిపాను, మళ్ళీ అంతే. ఆ వారమంతా పొద్దున పూట ఒక కార్డు, సాయంత్రం ఒక కార్డు. అదే లోడు, అదే వాన.

పాతది గుచ్చితే గది వేడెక్కింది. పంకాల హోరుకు మా ఇంటావిడ వచ్చి పిండిగిర్ని పెట్టావా అని అడిగింది. తెర మీద అంత మెరుపు లేదు, నీళ్ళలో వెలుగు కొత్తదాంట్లోనే అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. కాని వంపులో సిగ్నల్ ఉండవలసిన దూరంలో, ఉండవలసిన క్షణంలో, చెయ్యితో సహా వచ్చి నిలబడింది. ఎన్నిసార్లు పోయినా అక్కడే.

కారణమేమిటని మేనల్లుణ్ణి అడిగితే వాడు పుస్తకాలు తిరగేసి రెండు రోజులకు చెప్పాడు. కొత్త కార్డు సొంత గోదాము, అంటే బొమ్మల సామాను పెట్టుకొనే మెమరీ, చిన్నదట. అది నిండాక మిగతా సామాను కంప్యూటర్ గోదాములో పెట్టుకొని తెచ్చుకోవాలి. తెచ్చుకొనే దారులేమో పాతకార్డుకు ఉన్నవాటిలో నాలుగోవంతే పెట్టారట. ఇప్పటి కంప్యూటర్లలో ఆ దారులు వేగం గనక తేడా తెలియదు, నా పాతదాంట్లో తెలుస్తుంది. నాకు వెంటనే అర్థమైంది. ఇంజను మంచిదే, సింగిల్ లైను మీద పెట్టారు. ఎదురుబండి కోసం ప్రతి స్టేషన్‌లో ఆగుతోంది. అయితే కంప్యూటరే మార్చేద్దామా మామా అని కూడా అడిగాడు. ఒక ఇంజను కోసం లైనంతా పీకేది ఎక్కడన్నా ఉందా అన్నాను.

రెండూ తీసుకొని మళ్ళీ తాండూరు పోయి, కొత్తది వాపసు ఇచ్చి పాతది ఉంచుకుంటానని చెప్పినప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది.

"నేను మొదలే చెప్పిన గద మామా, నీకు పాతదే సాలని."

"నువ్వు నా ఎంటికలు చూసి చెప్పినవ్‌రా. నేను లోడు గట్టి చూసి చెప్తున్న. రెండు ఒక్కటి కాదు."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆనాటి నుంచి ఈనాటిదాకా వాడిలో నాకు నచ్చింది ఆ ఆగడమే. ఆదివారం ఉస్తాద్‌ను తానే ప్యాసింజరులో తోలుకొస్తానన్నాడు.

తెచ్చాడు. ఉస్తాద్ మా ఇంట్లో కూర్చున్నాక, "ఇప్పుడే గదరా గీ దారిల వచ్చిన, మల్ల తాండూరుకు కొంటవోతవా?" అన్నాడు. టీవీకి ఎంత దూరంలో కూర్చుంటే ఆయన సొరంగంలో బొమ్మ పడుతుందో చూసి కుర్చీ వేశాను. కీబోర్డు మీద వేగం మీటకు ఒక చింతగింజ, బ్రేకు మీటకు ఒక చింతగింజ జిగురుతో అంటించాను, వేలితో తడిమితే తెలిసేటట్టు. తాండూరు సైడింగు తెర మీదికి వచ్చింది. ఆయన తల మెల్లగా ఎడమకు తిప్పి, కుడికి తిప్పి, ఆ చిన్న కిటికీలోంచి ముక్కముక్కగా చూసుకున్నాడు. తరవాత, ఇటుపక్క బండలు నిలువుగా ఉన్నాయి, అటుపక్క పడుకోబెట్టినవి ఏవి అని అడిగాడు. అవీ ఉన్నాయి, కొంచెం ముందుకు పోతే వస్తాయన్నాను. మా మేనల్లుడు నా వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

ఎక్కుడులో ఆయన చేతులు తడబడలేదు. వంపు దగ్గర పడింది. బొమ్మ డీజిలు ఇంజనుది, బొయిలరు అడ్డం లేదు, ఆయన తానే చూడవచ్చు. కాని వంపు అంచు ఆయన చూపు అంచుకు అవతల పడింది. అలవాటుగా ఆయన నన్ను అడిగాడు, అలవాటుగా నేను సిగ్నల్ చూసి చెప్పాను, ఆయన ఆ మాట తిరిగి అన్నాడు. వికారాబాద్‌లో బండి నిలిపాక చింతగింజ మీద వేలు అట్లాగే ఉంచి, గూడ్సు ఆలస్యమా సమయానికా అని అడిగాడు. సమయానికే అన్నాను. టీ వచ్చింది. తన గ్లాసులో సగం నా గ్లాసులో వంచాడు.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. ఆ నడుమ చూపు కూడా పోయిన ఏడు పూర్తిగా పోయింది. అయినా నెలకొక ఆదివారం మేనల్లుడు ఆయన్ని తోలుకొస్తూనే ఉన్నాడు, ఆయన తాండూరు నుంచి లోడు ఎక్కిస్తూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చొని దారి చెబుతాను. మొన్న ఆదివారం మా బిడ్డ కూడా వచ్చింది. మేనల్లుడు తెచ్చిన పెట్టె సంగతి విని, నొప్పించకుండానే, "ఉస్తాద్ తాతకు ఏదీ కనబడదు గద బాపూ. పాత కార్డయితేంది, కొత్త కార్డయితేంది? తెర బంద్ పెట్టినా నడుస్తది. నీకు దారంతా నోటికి వచ్చు" అంది.

మంచి మాటే అనుకొని అంది పిల్ల. కాని ఈ కాలానికీ మా కాలానికీ ఉన్న దూరమంతా నాకు ఆ మాటలోనే కనబడింది. ఇప్పుడు అందరికీ అన్నీ ముందే తెలుసు. కార్డు ఎప్పుడు ముసలిదవుతుందో దాన్ని చేసిన కంపెనీ చెబుతుంది, మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడో జుట్టు రంగు చెబుతుంది, ఎవరికి ఏది చాలో అడగకుండానే చెప్పేస్తారు. లోడు కట్టి చూసేవాడు లేడు. నేను పనిచేసిన రోజుల్లో ఇంజను పాతదా కొత్తదా అని ఎవరూ అడగలేదు, ఎక్కుడు ఎక్కిందా లేదా అని అడిగారు. మేనల్లుడితో గురువారం అన్నదే మళ్ళీ అన్నాను. ఏ రోజు నా పాతది ధారూర్ వంపులో సిగ్నల్‌ను ఆలస్యంగా చూపిస్తుందో, ఆ రోజు నేనే బొంతలో చుట్టుకొని నీ దుకాణానికి వస్తాను, అందాకా ఆ మృగాన్ని నా గడప తొక్కనియ్యకు అన్నాను. బిడ్డతో మాత్రం, ఆయనకు కనబడదు గనకనే నాకు కనబడాలి అని అన్నాను.

ఆ మొన్నటి ఆదివారం నేను తెర మీద పొగమంచు పెట్టాను. ఎందుకు పెట్టానంటే చెప్పలేను. పాత కార్డు హోరుమంటోంది, గది వేడెక్కింది, బండల గూడ్సు మూలుగుతూ వంపులోకి తిరిగింది. ఉస్తాద్ గోడవైపు చూస్తున్నాడు, వేలు చింతగింజ మీద ఉంది.

"కనబడ్డదా?" అన్నాడు.

మా బిడ్డ నా వైపు చూసింది. తెర నిండా తెలుపు.

"ఇంకా లేదు ఉస్తాద్" అన్నాను.

ఆయన వేగం తగ్గించాడు.